అంజీర్ నాన్‌వెజ్ అన్న ప్రచారంలో నిజమెంత?

కొన్నేళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో ఒకే సంగతి తిరుగుతోంది: "అంజీర్ నాన్‌వెజ్. ప్రతి పండులోకీ ఒక కందిరీగ దూరి చచ్చిపోతుంది. పంటి కింద కరకరలాడేవి దాని గుడ్లే. అంజీర్ బర్ఫీ తిన్నా, ఫిగ్ బిస్కెట్ తిన్నా పురుగుల్ని తిన్నట్టే. ప్యాకెట్ మీద పచ్చచుక్క మోసం." కింద కోసిన పండు ఫొటో ఒకటి, దాని నిండా పురుగులు.

ఇది చూసి, రాత్రి నానబెట్టి పొద్దున్నే తినే రెండు అంజీర్లను మానేసిన పెద్దవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. పీచు దండిగా ఉండే పండు అది, పళ్లు సరిగా లేనివాళ్లు కూడా సులువుగా తినగలరు. ఒక మూలనున్న నిజాన్ని పట్టుకొచ్చి మొత్తం పండుకే పులమడం, దాంతో ఇంట్లో పెద్దవాళ్లకు లేనిపోని పాపభీతి అంటించడం నాకు చాలా బాధగా ఉంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"ప్రతి పండులోనూ కందిరీగ చచ్చి ఉంటుంది"

తప్పు మొదలయ్యేది "ప్రతి" దగ్గరే. అంజీర్‌కి పువ్వులు బయట పూయవు. మనం పండు అంటున్నది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. పుణె నుంచి వచ్చే పచ్చి అంజీర్‌ని తొడిమ నుంచి అడుగు దాకా నిలువుగా కోసి చూడండి. తెల్లటి గోడ, దాని నుంచి లోపలికి దిగిన వందలాది గులాబీ రంగు పోగులు కనిపిస్తాయి. ప్రతి పోగూ ఒక పువ్వు. అడుగున సన్నటి కన్ను ఒకటి ఉంటుంది. పుప్పొడి మోసుకొచ్చే కందిరీగ లోపలికి వెళ్లేది అక్కడి నుంచే.

కానీ సాగులో ఉన్న అంజీర్ రకాల్లో చాలావాటికి పరాగసంపర్కం అవసరమే లేదు. వాటంతట అవే కాయ కట్టి పండుతాయి. మన పూనా ఫిగ్ అలాంటిదే. 2016లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న పుణె జిల్లా పురందర్ అంజీర్ కూడా ఇదే. బ్రౌన్ టర్కీ, బ్లాక్ మిషన్, కడోటా అన్నీ ఈ కోవలోవే.

దీనికి కాలిఫోర్నియా చరిత్రే సాక్ష్యం. 18వ శతాబ్దంలో స్పానిష్ మిషనరీలు అక్కడ నాటిన మిషన్ అంజీర్, ఆ గడ్డ మీద ఈ కందిరీగ జాడే లేకపోయినా, వందేళ్లకు పైగా చక్కగా కాసింది. 1880ల్లో టర్కీ నుంచి స్మిర్నా రకం మొక్కలు తెచ్చి నాటితే మాత్రం పిందెలు పండకుండానే రాలిపోయాయి. కారణం తేలాక ప్రత్యేకంగా కందిరీగల్ని తెప్పించారు. 1899లో గానీ అవి అక్కడ నిలదొక్కుకోలేదు. పండు ఉంటే కందిరీగ ఉండి తీరాలన్నదే నిజమైతే ఆ రైతులకు ఇన్ని తిప్పలు వచ్చేవే కావు.

టెక్సాస్‌లో పెరట్లో అంజీర్ చెట్టు పెంచుకుంటున్న మనవాళ్లకూ ఇదే జవాబు. అమెరికాలో ఈ కందిరీగ స్థిరపడింది కాలిఫోర్నియాలోనే. మీ పెరటి చెట్టు కాయలు నిశ్చింతగా తినండి.

"టర్కీ అంజీర్ సంగతేమిటి మరి?"

ఇది న్యాయమైన ప్రశ్న, దాటవేయకూడదు. టర్కీలో ఐదిన్ ప్రాంతపు సారిలోప్ రకానికి, ఇరాన్‌లో ఎస్తహ్బాన్ అంజీర్‌కి, కాలిఫోర్నియాలోని కాలిమిర్నాకి కందిరీగ కావాలి. అయితే అక్కడ జరిగేది ఆ రీల్స్‌లో చూపించేది కాదు.

అంజీర్‌లో మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు. మగచెట్టు కాయల్ని మనుషులు తినరు. కందిరీగ గుడ్లు పెట్టేది, పిల్లలు పెరిగేది ఆ కాయల్లోనే. టర్కీ రైతులు వేసవి మొదట్లో ఆ కాయల్ని కోసుకొచ్చి ఆడచెట్ల కొమ్మలకు వేలాడదీస్తారు. వాటిలోంచి బయటికొచ్చిన ఆడ కందిరీగలు పుప్పొడి మోసుకుంటూ పక్కనున్న ఆడకాయ కన్నులోకి దూరతాయి. దారి ఎంత ఇరుకంటే రెక్కలు అక్కడే ఊడిపోతాయి. లోపల పువ్వుల కీలాలు, అంటే అండాశయం మీది సన్నటి కాడలు, పొడుగ్గా ఉండడంతో గుడ్లు పెట్టడం దాని వల్ల కాదు. పుప్పొడి మాత్రం అంటుతుంది, కందిరీగ అక్కడే చనిపోతుంది.

కందిరీగ అనగానే మనకు చూరుకింద గూడు కట్టుకుని కుట్టే పసుపు, ఎరుపు రంగుల పురుగు గుర్తొస్తుంది. ఇది అది కాదు. పొడవు రెండు మిల్లీమీటర్లు, అంటే నువ్వుగింజ కంటే చిన్నది.

అంజీర్ తరఫున మాట్లాడేవాళ్లు కూడా ఇక్కడ ఒక మాట ఎక్కువే చెబుతారు. పండులోని ఫిసిన్ ఎంజైమ్ కందిరీగను పూర్తిగా కరిగించేస్తుందని. ఫిసిన్ మాంసకృత్తుల్ని విడగొడుతుందన్నది వాస్తవమే, అంజీర్ చెట్టు కారే పాలతో మామూలు పాలు విరగ్గొట్టి జున్ను చేసే పద్ధతి ప్రాచీన కాలం నుంచీ ఉంది. కానీ పురుగు పైపెంకులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, అది అంత తేలిగ్గా కరగదు. కందిరీగ కావాల్సిన ఈ స్మిర్నా కోవ పండులో కంటికి ఆనని అవశేషం మిగలొచ్చు. అది ఉన్నదున్నట్టు చెప్పాలి. దాన్ని బట్టి ఆ రకం తినాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

"కరకరలాడేవి గుడ్లు"

కావు. ఆడకాయలో గుడ్లు పెట్టడమే కుదరదని పైన చెప్పుకున్నాం. పంటికి తగిలేవి గింజలు. పరాగసంపర్కం జరిగిన పండులో అవి నిండుగా, కాస్త కమ్మగా ఉంటాయి. జరగని పండులో బోలుగా ఉంటాయి.

ఆ ఫొటో

కోసిన పండులో పురుగులు లుకలుకలాడే ఫొటోలు, వీడియోలు చాలావరకు మేడిపండువి. కొన్నిచోట్ల రెండింటినీ అత్తిపండనే పిలుస్తారు కాబట్టి జనం తేలిగ్గా నమ్మేస్తున్నారు. రెండూ ఒకే కుటుంబానివే గానీ వేర్వేరు జాతులు. మేడిలో మగపూలు, ఆడపూలు ఒకే కాయలో ఉంటాయి, దాని కందిరీగ కూడా వేరే. అది ఆ కాయలోనే పుట్టి పెరిగి బయటికొస్తుంది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాట అంజీర్‌కి వర్తించదు.

"ఫిగ్ బిస్కెట్లలో కందిరీగల పేస్టు"

అమెరికాలో ఫిగ్ న్యూటన్ అనే అంజీర్ బిస్కెట్ 1891 నుంచి ఉంది. ఒకదాంట్లో ఒకటి అమర్చిన రెండు గరాటుల్లాంటి యంత్రంతో పైన పిండి, లోపల అంజీర్ జామ్ ఒకేసారి వచ్చేలా చేసేవారు. తరాల తరబడి పిల్లల డబ్బాల్లోకి వెళ్లిన ఆ బిస్కెట్ తర్వాత్తర్వాత ముసలివాళ్ల తిండి అనిపించుకుంది. 2012లో పేరులో ఫిగ్ పోయి న్యూటన్స్ మిగిలింది. ఇప్పుడు మళ్లీ ఫిగ్ బార్ల రూపంలో జిమ్‌కెళ్లే కుర్రకారు సంచుల్లో చేరింది. సరిగ్గా ఇప్పుడే ఈ ప్రచారం.

దీనికి ఆధారంగా అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన చూపిస్తారు: వంద గ్రాముల అంజీర్ పేస్టులో 13 పురుగు తలలు దొరికితేనే చర్య అని. నిబంధన ఉంది. కానీ అది లెక్కపెట్టేది ఏ పురుగునైనా. తోటలో, గోదాములో పట్టే పురుగులన్నీ అందులోకి వస్తాయి. అదే జాబితాలో వంద గ్రాముల పీనట్ బటర్‌కి 30, చాక్లెట్‌కి 60 పురుగు ముక్కల పరిమితి ఉంది. అది చూసి చాక్లెట్‌ని ఎవరూ నాన్‌వెజ్ అనలేదు.

"పచ్చచుక్క మోసం"

మన చట్టం ప్రకారం జంతువు గానీ, దాని భాగం గానీ, జంతువు నుంచి వచ్చిన పదార్థం గానీ ఆహారంలో ఉంటే మాంసాహారం. పాలకు, తేనెకు మినహాయింపు. అంజీర్ చెట్టుకి కాసిన పండు, పచ్చచుక్క వేయడంలో దాచిందేమీ లేదు. జైనులలో చాలామంది అంజీర్ తినరు. మర్రి, రావి, మేడి లాంటి ఐదు ఉదుంబర జాతి పండ్లను వదిలేయాలన్న నియమం వాళ్లకు ఎప్పటి నుంచో ఉంది. సూక్ష్మజీవికి కూడా హాని తలపెట్టకూడదన్న ఆ నిష్ఠ మీద నాకు గౌరవం ఉంది. దాన్ని పట్టుకొచ్చి అందరికీ వర్తించే సైన్స్‌లా ప్రచారం చేయడమే తప్పు.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. దండగా గుచ్చిన ఎండు అంజీర్ కొనేటప్పుడు ఒక పండు విప్పి చూడండి. లోపల సాలెగూడు లాంటి దారాలు, బూడిదరంగు పొడి, నల్లటి బూజు ఉంటే ఆ సరుకు వద్దు. అది నిల్వలో పట్టిన పురుగు, పూతకాలంలో వచ్చిన కందిరీగ కాదు. తెచ్చాక గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. అమెరికా ప్యాకెట్ల మీద పచ్చచుక్క ఉండదు కాబట్టి అక్కడి ఫిగ్ బిస్కెట్ కొనే శాకాహారులు పండు గురించి టెన్షన్ పడకుండా వెనకవైపు పదార్థాల జాబితా చదవండి. గుడ్డు ఉంటే పిండిలో ఉంటుంది.