‘కొట్టినా ఆ ఇంట్లోనే ఉండాలి’ అని కథోలిక శ్రీసభ (చర్చి) ఎక్కడ చెప్పింది?

కడప, బద్వేలు, ప్రొద్దుటూరు ప్రాంతాల కథోలిక కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక సందేశం తిరుగుతోంది. పైన మరియమాత బొమ్మ, కింద ఎర్రటి అక్షరాలు. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: కథోలికులకు విడాకులు లేవు కాబట్టి భర్త కొట్టినా భార్య ఆ ఇంట్లోనే ఉండాలి, అదే ఆమె పుణ్యం. డబ్బున్నవాళ్ళు మాత్రం రోము నుంచి పెళ్ళి ‘రద్దు కాగితం’ కొనుక్కుంటారు. రద్దయితే పిల్లలు అక్రమ సంతానమవుతారు. కోర్టు మెట్లెక్కిన స్త్రీకి దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం) ఉండదు. చర్చి కాగితం చేతికొచ్చినవాళ్ళకు ఇక కోర్టుతో పనే లేదు.

దీన్ని నాకు మొదట చూపించింది ఒక అమ్మాయి. ఆదివారం పూజ ముగిశాక లూర్దుమాత గుహ పక్కన వేపచెట్టు కింద నిలబడి ఫోను నా చేతికిచ్చింది. ఇస్తూ చీర కొంగును ఎడమ మణికట్టు మీదికి లాక్కుంది. గాజులు పగిలి గుచ్చుకున్న గాట్లు అప్పటికే నా కంట పడ్డాయి. “అక్కా, నేను బయటికి వస్తే పాపమా?” అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పెళ్ళి కాబోయేవారికి తరగతులు చెబుతున్నాను. ఆమెకు ఆ రోజు చెప్పిన జవాబునే ఇక్కడ విడమరచి రాస్తున్నాను. ఆమె సంగతి ఆమె ఒప్పుకున్నాకే చేర్చాను.

మొదటి మాట, కొట్టినా ఉండాలన్నది. ఇది పచ్చి అబద్ధం. రెండవ జాన్ పాల్ పోపు గారు 1983లో ప్రకటించిన శ్రీసభ చట్టంలో 1153వ సూత్రం చదవండి. దంపతుల్లో ఒకరు రెండోవారి ఆత్మకు గాని శరీరానికి గాని, పిల్లలకు గాని తీవ్రమైన అపాయం తెచ్చిపెడితే, విడిగా వెళ్ళిపోవడానికి అది న్యాయమైన కారణం. మామూలుగా పీఠాధిపతి (బిషప్) ఉత్తరువు కావాలి. ఆలస్యం చేస్తే ప్రమాదమనుకున్నప్పుడు ఎవరి అనుమతీ లేకుండా తనంతట తానే వెళ్ళవచ్చు. ఆ తర్వాతి సూత్రం, విడిపోయాక పిల్లల పోషణకూ చదువుకూ తగిన ఏర్పాటు చేసి తీరాలంటుంది. ఫ్రాన్సిస్ పోపు గారు కుటుంబ ప్రేమ గురించి 2016లో వెలువరించిన ప్రబోధంలో, 241వ పేరాలో, ఇంకా సూటిగా రాశారు: బలహీనులనూ పిల్లలనూ హింస నుంచి కాపాడవలసి వచ్చినప్పుడు విడిపోవడం నైతికంగానే అవసరమవుతుందని. విడదీయరానిదని శ్రీసభ చెప్పేది వివాహ బంధాన్ని. తన్నులు తింటూ ఒకే కప్పు కింద పడి ఉండమని ఏ సూత్రమూ చెప్పలేదు.

ఆ సందేశంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ‘పుణ్యం’ అన్న మాట. ఓర్పు నిజంగానే సుగుణం. కానీ కథోలిక బోధలో సుగుణాలు ఒక్క భార్య పద్దులోనే రాసి లేవు. వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అనే నాలుగు మూల సుగుణాలూ జ్ఞానస్నానం పొంది క్రైస్తవులైన ప్రతి ఒక్కరికీ వర్తిస్తాయి. తాగొచ్చి చెయ్యెత్తేవాడు నిగ్రహాన్నీ న్యాయాన్నీ ఒకే దెబ్బతో కాలదన్నినట్టు. 13వ శతాబ్దంలోనే శ్రీసభ పండితుడు పునీత (సెయింట్) తోమాస్ అక్వినాస్, స్త్రీని పురుషుడి తల నుంచి గాక, పాదం నుంచి గాక ప్రక్కటెముక నుంచి సృష్టించడంలోని అర్థం చెప్పారు: ఆమె అతని మీద పెత్తనం చెయ్యకూడదు, అతని కాళ్ళ కింద బానిసగానూ పడి ఉండకూడదు. దాంపత్యాన్ని ఆయన స్నేహాలన్నిటిలోకీ గొప్ప స్నేహమన్నారు. చట్టానికి ఆయనిచ్చిన నిర్వచనం కూడా గుర్తుంచుకోదగినది: అందరి మేలు కోసం, సమాజం బాధ్యత మోసేవారు ప్రకటించే వివేకపు ఆజ్ఞ. ఒక మనిషి ఎముకలు విరగడంలో ఎవరి మేలుంది?

ఒక నిజం మాత్రం ఒప్పుకోవాలి. ‘ఓర్చుకో తల్లీ, సిలువ మోసినట్టు మొయ్యి’ అని ఆడపిల్లలను వెనక్కి పంపిన పెద్దలు మనలో ఉన్నారు. పదిహేనేళ్ళ క్రితం ఒకామెకు నేను కూడా అదే చెప్పాను. చట్టం చదవకుండా చెప్పాను. అది నా తప్పు.

రెండో మాట, రోము నుంచి కాగితం కొనుక్కోవడం. డబ్బూ అధికారమూ ఉంటే దొరికేదైతే, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి దొరికి ఉండాలి. మొదటి భార్య కేథరిన్‌తో తన పెళ్ళి చెల్లదని ప్రకటించమని ఆయన ఏళ్ళ తరబడి ఒత్తిడి చేశాడు. 1534లో ఏడవ క్లెమెంట్ పోపు ఆ పెళ్ళి చెల్లుతుందనే తీర్పునిచ్చారు. దాని మూలంగా ఒక దేశమే శ్రీసభకు దూరమైంది.

అసలు ఇక్కడ జరిగేది రద్దు కాదు. జ్ఞానస్నానం పొందిన ఇద్దరి మధ్య చెల్లుబాటుగా జరిగి, కాపురంతో పూర్తయిన పెళ్ళిని ఏ మానవశక్తీ విడదీయలేదు. మేత్రాసన ట్రిబ్యునల్, అంటే బిషప్ గారి పరిధిలోని శ్రీసభ న్యాయస్థానం, విచారించేది ఒక్కటే: పెళ్ళినాడు ఆ పెళ్ళి నిజంగా జరిగిందా? మన ఇళ్ళలో తాళి కడితే పెళ్ళయిపోయినట్టే అనుకుంటాం. శ్రీసభ చట్టం ప్రకారం పెళ్ళిని చేసేది ఇద్దరి సమ్మతి. ఆ సమ్మతికి బదులుగా ఏ మానవశక్తీ ఇంకొకటి పెట్టలేదని 1057వ సూత్రం.

నాకు ఫోను చూపించిన అమ్మాయి కథ సరిగ్గా ఇక్కడికే వస్తుంది. పందొమ్మిదేళ్ళకు ఆమెను సొంత మేనమామకిచ్చి చేశారు. మన సీమలో ఇది కొత్త సంగతి కాదు, ఆస్తి బయటికి పోదు, తమ్ముడు చెయ్యి దాటిపోడు అనుకుంటారు. అంత దగ్గరి సంబంధం శ్రీసభ చట్టంలో నిషిద్ధం. పీఠాధిపతి మినహాయింపు ఇస్తేనే జరుగుతుంది. కుటుంబం అర్జీ పెట్టింది, మినహాయింపు వచ్చింది. కానీ ఆ మినహాయింపు రక్తసంబంధానికి మాత్రమే. ఇష్టం లేకపోవడానికి మినహాయింపు ఇచ్చే అధికారం పోపు గారికి కూడా లేదు. ఆ పిల్ల ‘వద్దు’ అన్నప్పుడు తల్లి పురుగుల మందు డబ్బా చేత పట్టుకుని, తమ్ముణ్ణి కాదంటే తాగి చస్తానంది. బలవంతం వల్ల గాని, బయటి నుంచి వచ్చిన తీవ్రమైన భయం వల్ల గాని, తప్పించుకునే దారి లేక చేసుకున్న పెళ్ళి చెల్లదని 1103వ సూత్రం చెబుతోంది. పైగా ఆ తల్లి అతని అక్క. అంటే ఈ పిల్లకు పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటే. దెబ్బలు తిని పుట్టింటికి పరుగెత్తినా చేరేది మళ్ళీ అతని దగ్గరికే. ‘కొట్టినా ఉండాలి’ అన్న సందేశం ఆమెకు అందింది కూడా సొంత కుటుంబం గ్రూపు నుంచే.

ఇలా చెప్పినంత మాత్రాన ట్రిబ్యునల్ తలూపదు. వాంగ్మూలాలు తీసుకుంటుంది, సాక్షులను పిలుస్తుంది, రెండోవారి మాటా వింటుంది. పెళ్ళి చెల్లుతుందని వాదించడానికే ‘బంధ సంరక్షకుడు’ అనే అధికారి ఒకరుంటారు. ఏళ్ళు పడుతుందన్న ఫిర్యాదులో నిజముంది. అందుకే ఫ్రాన్సిస్ పోపు గారు 2015లో విధానాన్ని మార్చారు. రెండు ట్రిబ్యునళ్ళు ఒకే తీర్పు ఇవ్వాలన్న నిబంధన తీసేశారు. సాధ్యమైనంత వరకు ఈ విచారణ ఉచితంగా జరగాలని కోరారు. ‘డబ్బున్నవారికే’ అన్నది విని ఎందరు పేదలు అర్జీ పెట్టకుండానే ఆగిపోయారో తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

పిల్లల మాట ఒక్క ముక్కలో తేలిపోతుంది. పెళ్ళి చెల్లదని తేలినా, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు మంచి నమ్మకంతో చేసుకున్న ఆ పెళ్ళిలో పుట్టిన పిల్లలు సక్రమ సంతానమేనని 1137వ సూత్రం. తల్లులను బెదిరించడానికి పిల్లలను వాడుకోకండి.

కోర్టుకు వెళితే సత్ప్రసాదం ఉండదన్నదీ తప్పే. పిల్లల సంరక్షణకో, ఆస్తి హక్కుకో పౌర విడాకులు తప్ప వేరే దారి లేనప్పుడు అవి నైతిక దోషం కావని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశం (అధికారిక బోధనా గ్రంథం) 2383వ పేరా. విడాకులు పొంది మళ్ళీ పెళ్ళి చేసుకోని మనిషి సత్ప్రసాదం వంటి శ్రీసభ సంస్కారాలకు దూరం కానక్కర్లేదు. బంధం నిలిచి ఉండగా ఇంకో పెళ్ళి చేసుకోవడం వేరు, దాన్ని శ్రీసభ ఒప్పుకోదు. ఇది కఠినమైన బోధ. నేను దీన్ని నమ్ముతాను, తరగతిలో దాచకుండా చెబుతాను. కానీ ఈ కఠినత్వాన్ని దెబ్బలు తిన్న మనిషి మీదికి ఝళిపించడం అన్యాయం.

చివరి మాట అన్నిటికన్నా ప్రమాదకరం. శ్రీసభ ట్రిబ్యునల్ తీర్పుకు దేశ చట్టంలో విడాకుల విలువ లేదు. సుప్రీంకోర్టు 1996లో ఒకసారి, 2017లో మరోసారి ఈ సంగతి తేల్చింది. ఆ కాగితం ఒక్కటే పట్టుకుని మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ద్విభార్యత్వం కేసు మెడకు చుట్టుకుంటుంది. క్రైస్తవులకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. ఒకప్పుడు అందులో భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వం వంటి మరో కారణం కూడా చూపాల్సి వచ్చేది. 2001 సవరణతో ఆ తేడా పోయింది, పరస్పర అంగీకారపు విడాకులూ వచ్చాయి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం మతంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉంది. ముందు ప్రాణం కాపాడుకోండి, తర్వాత కోర్టు, తర్వాత ట్రిబ్యునల్.

ఆ అమ్మాయి ఇప్పుడు సిస్టర్ల హాస్టల్లో ఉంటోంది. ట్రిబ్యునల్‌కు పంపే వాంగ్మూలం తానే రాసుకుంటోంది. పెళ్ళికి ముందు ఫాదర్ గారు వధువునూ వరుణ్ణీ విడివిడిగా కూర్చోబెట్టి ‘నీ ఇష్టంతోనేనా?’ అని అడుగుతారు కదా, తానూ ‘అవును’ అనే చెప్పానని, ఇప్పుడు అది తనకే ఎదురు తిరుగుతుందేమోనని భయపడింది. ఉన్నదున్నట్టు రాయమన్నాను. పోయిన ఆదివారం నోటు పుస్తకం తెచ్చి మొదటి వాక్యం చూపించింది: “నేను అవునని చెప్పేటప్పుడు మా అమ్మ తలుపు బయటే నిలబడి ఉంది.”