మహారాజశ్రీ హైటెన్షన్ లైను గారికి

మహారాజశ్రీ 500 కేవీ లైను గారి సముఖానికి, అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో తమ రూటు మ్యాపులో ఇరుక్కున్న పొలాల తరఫున చేసుకుంటున్న విన్నపం.

తమరు బాల్టిమోర్ కౌంటీలో బయల్దేరి, క్యారల్ కౌంటీ మీదుగా ఫ్రెడరిక్ కౌంటీకి విచ్చేస్తున్నారని 2024లో తెలిసింది. దాదాపు 67 మైళ్ల ఊరేగింపు. తమకు 'మేరీల్యాండ్ పీడ్‌మాంట్ రిలయబిలిటీ ప్రాజెక్టు' అని నామకరణం కూడా అయింది. కరెంటు నమ్మకంగా ఉంటుందన్నమాట. ఎవరికి అని అడిగితే మాత్రం అందరూ పడమటి దిక్కుకే చూస్తున్నారు.

500 కేవీ తీగ నుంచి ఇంటికి సర్వీసు వైరు లాగడం కుదరదు. ముందు సబ్‌స్టేషన్లో వోల్టేజీ దించాలి. మా పొలంలోకి వచ్చేది మాత్రం టవరు ఒక్కటే. 150 అడుగుల వెడల్పున ఎత్తయిన చెట్టన్నది ఉండకూడదు. చినుకు పడితే తమరు బుస్సుమంటూ ఉంటారు. కింద ఇనుప కంచె ఉంటే, ముట్టుకున్నవాడికి చురుక్కుమనకుండా దానికి ఎర్తింగ్ వేయించాలి. తమలాంటివారి కింద రాత్రిపూట ట్యూబ్‌లైటు చేత్తో పట్టుకుని నిలబడితే, ఏ కనెక్షనూ లేకుండానే మినుకుమినుకుమంటుంది. మీటరు లేని ఆ వెలుగు ఒక్కటే మా వాటా.

పాత బొగ్గు ప్లాంట్లు మూతపడటమూ ఒక కారణమేనట, కాదనం. కానీ అసలు ఆకలి పక్కనున్న వర్జీనియాది. అక్కడి లౌడన్ కౌంటీలో డేటా సెంటర్లు ఎంత కిక్కిరిశాయంటే ఆ ప్రాంతానికి 'డేటా సెంటర్ ఆలీ' అని పేరే పడిపోయింది. కొత్తల్లుడు వాళ్లింట్లో దిగితే విందు ఖర్చు మా వాకిట్లో పంచుతున్నారు. 13 రాష్ట్రాల గ్రిడ్ చూసే పీజేఎం పద్ధతిలో ఇంత పెద్ద లైన్ల ఖర్చులో సగం అందరి బిల్లుల్లోకీ జారుతుంది.

పోనీ, ఆ అల్లుడైనా నిలకడగల మనిషా? 2024 జూలైలో ఉత్తర వర్జీనియాలో ఒక 230 కేవీ లైనులో ఫాల్టు వస్తే, 60 డేటా సెంటర్లు ఒక్కసారే అలిగి గ్రిడ్ వదిలేసి సొంత జనరేటర్ల మీదికి వెళ్లిపోయాయి. 1,500 మెగావాట్ల లోడు క్షణాల్లో మాయం. తినేవాడు లేని కరెంటును ఏం చేయాలో తెలియక, గ్రిడ్ వాళ్లు ఉత్పత్తి తగ్గించుకుంటూ పరుగులు పెట్టారు. నమ్మకం పేరుతో మా చెట్లు కొట్టించేది ఈయన కోసమా?

మా పొలాల్లోకి సర్వేవాళ్లను రానివ్వం అంటే, లైను వేసే కంపెనీవాళ్లు కోర్టుకెళ్లి 2025లో అనుమతి తెచ్చుకున్నారు. మర్యాద తెలిసినవారు, గేటు దూకలేదు. భూమిలోపల కేబుల్ వేయండి మహాప్రభో అంటే ఖర్చెక్కువ అన్నారు. పాత లైన్లకే ఎక్కువ కరెంటు మోసే కొత్తరకం తీగ మార్చుకోవచ్చు కదా అంటే ఆ మాట చెవికెక్కలేదు.

తమ గమ్యం ఎలాగూ ఖాయమంటున్నారు కాబట్టి చివరగా ఒకటే అడుగుతున్నాం. ఎవరికెంత కరెంటు కావాలో వాళ్ల పేరుతో సహా ముందే కాగితం మీద రాయించండి, మొత్తం బిల్లు ఆ చిరునామాకే పంపండి. అల్లుడు కట్టగలడు, జేబులో బాగానే ఉంది.

ఇట్లు,
తమ తీగల కింద కొవ్వొత్తులు దగ్గరపెట్టుకున్న వినియోగదారులు