పనికిమాలిన డిఫెండర్

ఫుట్‌బాల్ చరిత్రలో భయంకరమైన పదిమంది డిఫెండర్లట, మొన్న ఒక వీడియో చూశాను. చెవులు చిల్లులు పడే మ్యూజిక్, తెర నిండా మంటలు, ఒకడు ఇంకొకడి మోకాలి మీదికి రెండు కాళ్లతో దూకుతుంటే అదే స్లో మోషన్‌లో మూడుసార్లు. అందులో పరాగ్వే డిఫెండర్ కార్లోస్ గమర్రా లేడు. మర్చిపోయారేమోలే అనుకుని ఫుట్‌బాల్‌ని అరగదీసి తాగిన ఒక కుర్రాడిని అడిగితే, "ఎవరు సార్, ఆ సెల్ఫ్ గోల్ ఆయనా?" అన్నాడు, అంటే తన జట్టు గోల్‌లోకే బంతి కొట్టుకున్నవాడని.

కుర్రాణ్ణి అని ఏం లాభం. నేరమంతా గమర్రాదే. 1998లో ఫ్రాన్స్‌లో జరిగిన వరల్డ్ కప్‌లో ఆయన బల్గేరియా, స్పెయిన్, నైజీరియా, ఫ్రాన్స్‌లతో నాలుగు మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్క ఫౌల్ కూడా చేయలేదు. సెంటర్ బ్యాక్ అండీ, గోల్ ముందు నడిమధ్య కాపలా కాసేవాడు, మూల నిలబడే మనిషి కాదు. ఎదురుగా స్టోయిచ్‌కోవ్, రౌల్, ఆన్రీ లాంటి పేరుమోసిన స్ట్రైకర్లు. మధ్యలో ఒకడి చొక్కా లాగితే ఏం పోయింది? ఒక మోచేయి, ఒక చిన్న తోపు, అదీ లేదు. ఆ మొండితనం చూసి ఫిఫా వాళ్లు కూడా ఏమనుకున్నారో ఏమో, ఆ టోర్నీ ఆల్ స్టార్ జట్టులో ఆయన పేరు రాసేశారు. దాని వల్ల వీడియోలు రావు కదా.

అదే ఉరుగ్వే డిఫెండర్ పావ్‌లో మోంటేరోని చూడండి, బతకనేర్చినవాడు. ఇటలీ సెరియె ఆలో 16 రెడ్ కార్డులు తిన్నాడు, అది ఆ లీగ్‌లో రికార్డు. అదీ కెరీర్ అంటే. 2021లో యూరో ఫైనల్లో ఇటలీ డిఫెండర్ కియెల్లీని అనే ఆయన, పరిగెత్తిపోతున్న ఇంగ్లండ్ ఆటగాడు సాకాని వెనక నుంచి కాలర్ పట్టుకుని గుంజితే ఎల్లో కార్డు పడింది, లోకమంతా ఫోటోలు షేర్ చేసుకుని మురిసిపోయింది. అనుభవం అంటే అదేనట! ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ 1998 వరల్డ్ కప్‌లో సౌదీ ఆటగాడిని తొక్కి రెండు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు, 2006 వరల్డ్ కప్ ఫైనల్లో ఇటలీ మటెరాజ్జీని తలతో కుమ్మాడు, ఆ కుమ్ముడికి ప్యారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే మ్యూజియం ముందు ఐదు మీటర్ల కంచు విగ్రహం పెట్టారు. ఫౌల్ చేయనందుకు విగ్రహం ఎలా పోత పోస్తారు చెప్పండి? మనిషి ఊరికే నిలబడి ఉంటాడు.

అందుకే గమర్రా మీద వీడియో చేసే ఎడిటర్ అంటే నాకు భలే జాలి. పాపం రాత్రి పదింటికి సిస్టమ్ ముందు కూర్చుంటాడు. మ్యూజిక్ రెడీ, మంటలు రెడీ. స్పెయిన్ మ్యాచ్ పెడతాడు. బంతి గాల్లోకి లేస్తుంది, స్ట్రైకర్ పరిగెడతాడు, ఎడిటర్ మౌస్ మీద వేలు బిగిస్తాడు... గమర్రా ముందే అక్కడ ఉంటాడు. బంతి ఆయన కాలి దగ్గర ఆగుతుంది, పక్కవాడికి ఇస్తాడు, అయిపోయింది. స్లో మోషన్ వేసి చూస్తాడు. ఒకాయన మెల్లగా నిలబడి ఉన్నాడు. ఇంకా స్లో చేస్తాడు, ఇంకా మెల్లగా నిలబడి ఉన్నాడు. విసుగొచ్చి ఆయన నిక్కరుకి మంటలు పెడతాడు. సరే, నైజీరియా మ్యాచ్. కార్నర్ వస్తుంది, అందరూ ఒకరినొకరు వాటేసుకుని ఉంటారు, గమర్రా చేతులు మాత్రం ఆయన దగ్గరే ఉంటాయి. పెద్ద పొడగరి కూడా కాదు, అయినా సమయానికి ఎగిరి తలతో కొట్టి పంపించేస్తాడు. రెఫరీ విజిల్ లేదు, కిందపడి దొర్లేవాడు లేడు, స్ట్రెచర్ లేదు. తెల్లవారుజామున మూడైంది, టీ చల్లారింది, వీడియో పొడవు పదకొండు సెకన్లు. అందులో నాలుగు సెకన్లు గమర్రా సాక్సు సరిచేసుకోవడం. ఎడిటర్ ఏడుపు మొహంతో ఫైళ్లన్నీ వెతుకుతూ ఉంటే అప్పుడు దొరుకుతుంది అమృతభాండం: 10 జూన్ 2006, ఫ్రాంక్‌ఫర్ట్, వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్ మ్యాచ్. ఎడమ వైపు నుంచి బెక్‌హమ్ ఫ్రీ కిక్, గమర్రా తల తగిలి బంతి సొంత గోల్‌లోకి. మూడో నిమిషం. పేరు, స్కోరు, మొహం క్లోజప్, అన్నీ ఉన్నాయి! వీడియో అయిపోయింది, ఎడిటర్ హాయిగా పడుకున్నాడు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

1998 జూన్ 28, లాన్స్. ఆడేది ఫ్రాన్స్‌తో, వాళ్ల గడ్డ మీద. మ్యాచ్ మధ్యలో ఈ మనిషి భుజం జారింది. బయటికి వెళ్లి కూర్చుంటే ఎవడూ ఏమీ అనడు. వెళ్లలేదు. కట్టు కట్టించుకుని ఎక్స్‌ట్రా టైమ్‌లో కూడా ఆడాడు. అప్పుడైనా ఎవడినన్నా పట్టుకుని లాగాడా అంటే లేదు. పెనాల్టీలకు ఇంకో ఆరేడు నిమిషాలు ఉందనగా ఫ్రాన్స్ వాళ్ల పిరెస్ క్రాస్, ట్రెజెగే తలతో దింపాడు, లోరాన్ బ్లాంక్ కొట్టాడు. గోల్డెన్ గోల్ అట, పడగానే మ్యాచ్ క్లోజ్, తిరిగి కొట్టే అవకాశం కూడా లేదు. ఆ దిక్కుమాలిన రూల్‌ని తర్వాత వాళ్లే ఎత్తేశారు, పరాగ్వేకి మాత్రం ఒరిగిందేమీ లేదు. కింద కూలబడ్డ వాళ్లని గోల్‌కీపర్ చిలావర్ట్ ఒక్కొక్కరినే పట్టుకుని లేపుతున్నాడు. చేయి పనిచేయని మనిషి ప్రపంచ ఛాంపియన్లు కాబోయే వాళ్లని పెనాల్టీల అంచు దాకా తెచ్చి నిలబెడితే, ఎనిమిదేళ్ల తర్వాత తలకి తగిలి సొంత గోల్‌లోకి పోయిన ఒక్క బంతి మీకు గుర్తుంది! సిగ్గుండాలి కదా కాస్త! ఫ్రీ కిక్‌ని తప్పించబోయి తగిలినవాడు వెధవ, కావాలని కాలు విరగ్గొట్టినవాడు వీరుడు. వెనక నుంచి లాగితే "తెలివైన ఫౌల్" అని మెచ్చుకునే కామెంటేటర్లు, బంతి వచ్చే చోటికి ముందే చేరుకున్న మనిషిని ఒక్క మాటైనా మెచ్చుకోరు. తెలివి అంటే అది కాదా మరి?

పోనీ ఆ ఒక్కరోజే అలా జరిగిందా అంటే అదీ కాదు. 2002 వరల్డ్ కప్‌లో జర్మనీ చేతిలో 88వ నిమిషంలో 1-0తో ఓటమి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో టెవెజ్ గోల్‌తో అర్జెంటీనా చేతిలో 1-0, కుర్రాళ్ల మధ్య పెద్దమనిషిగా ఆడి పరాగ్వేకి మొదటి ఒలింపిక్ పతకం తెచ్చాడు. 2006 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్ చేతిలో 1-0, స్వీడన్ చేతిలో 1-0, అది కూడా 89వ నిమిషంలో. ఇన్నిసార్లు ఒక్క గోల్‌తో ఓడిపోయారంటే వెనక ఎవడో గట్టిగా నిలబడ్డాడని కదా అర్థం? ముందున్న వాళ్లు గోల్స్ కొట్టకపోతే డిఫెండర్ ఏం చేస్తాడు, అదీ తనే వెళ్లి కొట్టాలా? అన్నట్టు అది కూడా చేశాడు లెండి, 110 మ్యాచ్‌ల్లో దేశానికి 12 గోల్స్.

ఇంకో ముచ్చట. అదే 2006లో ఆఖరి మ్యాచ్‌లో పరాగ్వే ట్రినిడాడ్ మీద 2-0తో గెలిచింది, అందులో మొదటి గోల్ ట్రినిడాడ్ డిఫెండర్ వేసుకున్న సెల్ఫ్ గోల్. ఆయన పేరు చెప్పమనండి మన కుర్ర పండితుణ్ణి.