బావ మార్కుల పుస్తకం

మా బావది భీమవరం దగ్గర పల్లె. అమెరికాలో హ్యూస్టన్ వచ్చి పన్నెండేళ్లయినా రొయ్య సంగతి వచ్చేసరికి మనిషి ఇంకా చెరువు గట్టు మీదే ఉంటాడు. అందుకే ఏప్రిల్లో ఓ శని, ఆదివారాలు కేజన్ బాయిల్ (క్రాఫిష్ అనే రొయ్యలాంటి జీవిని మసాలా నీళ్లలో ఉడకబెట్టే వంట) హోటళ్లు తిరిగి ఏది గొప్పదో తేల్చేద్దాం అన్నప్పుడు సరదా యాత్ర అనుకున్నాను. కాదు, తనిఖీ. లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. స్కేలు పెట్టి గళ్లు గీశాడు. కారం, ఉప్పు, వెల్లుల్లి, తాజాదనం, తల రసం. తల రసానికి ఏకంగా 30 మార్కులు.

రాసే పని నాది. ఎందుకంటే ఈ తిండి తినేవాడు రాయలేడు. క్రాఫిష్ అంటే రొయ్య ఒళ్లు, పీత డెక్కలు. మొక్కజొన్న, బంగాళాదుంపలు, సాసేజ్‌తో కలిపి ఉడకబెట్టి పౌండ్ల లెక్కన ట్రేలో కుమ్మరిస్తారు. మెళ్లో ప్లాస్టిక్ గుడ్డ కట్టుకుని, తోక విరిచి ఒలిచి, తల జుర్రాలి. రెండు చేతులూ మోచేతుల దాకా ఎరుపు. "నీ చెయ్యి మాత్రం శుభ్రంగా ఉండాలిరా" అన్నాడు బావ. ఎంగిలి చేత్తో కాకిని తోలని వాళ్లని చూశాను గానీ, చెయ్యి ఎంగిలి కాకుండా మనిషిని హోటల్లో కూర్చోబెట్టినవాణ్ణి అప్పుడే చూడటం.

మొదటిది హ్యూస్టన్ బెల్లెయిర్ వీధిలో వియత్నాం వాళ్లది. వీళ్లు ఉడకబెట్టి ఊరుకోరు. పైన వెన్న, గుప్పిళ్ల కొద్దీ వెల్లుల్లి వేసి కలుపుతారు. ఆ వాసనకి నా పెన్ను వణికింది. "వెల్లుల్లి 18" అన్నాడు బావ. "20 వెయ్యరా, ఈయనది పిసినారి చెయ్యి" అంది అక్క. 19 వేశాను. ఇద్దరూ కోప్పడ్డారు. అక్క జాలిపడి ఫోర్కుతో ఓ బంగాళాదుంప పెట్టింది. మసాలా నీళ్లన్నీ పీల్చేది అదే, నిజానికి ఆ ట్రేలో కొసరు వస్తువు కాదు. కానీ నా అభిప్రాయానికి గడి లేదు.

మర్నాడు ఐ-10 హైవే మీద పక్క రాష్ట్రం లూసియానాకి. దారిలో నీళ్లు నిలిచిన మళ్లు, వాటిలో వరసగా తలలెత్తిన వలబుట్టలు. వరి కోశాక అదే మడికి నీళ్లు పెట్టి క్రాఫిష్ పెంచుతారు. బావ కారాపి కళ్లు తుడుచుకున్నాడు. "మనూరేనే!" అన్నాడు. "మనూరైతే ఈపాటికి ఎవరో ఒకరు అన్నానికి పిలిచేవాళ్లు" అంది అక్క.

రెండోది బ్రో బ్రిడ్జ్‌లో. 1959లో లూసియానా శాసనసభ ఈ ఊరిని ప్రపంచ క్రాఫిష్ రాజధాని అని ప్రకటించింది. 1755లో బ్రిటిష్ వాళ్లు నోవా స్కోషియా నుంచి తరిమేసిన ఫ్రెంచి వాళ్లు అకేడియన్లు. వాళ్లలో కొందరు ఈ చిత్తడి నేలల్లో చేరారు. అకేడియన్ అనే మాట నోళ్లలో నలిగి కేజన్ అయింది. ఇక్కడ వెన్న గిన్న లేదు. కారమంతా ఉడికే నీళ్లలోనే. పొయ్యి ఆర్పాక అందులోనే నానబెడతారు. "3 పౌండ్లు కొంటే ఒలిచిన కండ అర పౌండు రాలేదు. రాయి" అన్నాడు బావ. రాశాను. వడ్డించే ఆవిడ నా ఖాళీ చేతులు చూసి అలర్జీయా అని అడిగింది. "కాదు, బావమరిది" అన్నాడు బావ.

మూడోది హెండర్సన్‌లో, అచాఫలాయా చిత్తడి ఒడ్డున. బల్లమీద కాగితం పరిచి దానిమీదే కుమ్మరించారు. బావ ఓ తల జుర్రి, కళ్లు మూసుకుని, "తల రసం..." అని ఆగాడు. ఆ ఆగడంలో నాకు తెగింపు వచ్చింది. పుస్తకం బల్లమీద పడేసి రెండు చేతులూ దించేశాను. ఒకటి, రెండు, పది. బావ మార్కులు చెబుతూనే ఉన్నాడు, నేను జుర్రుతూనే ఉన్నాను. అంతా బాగానే ఉండేది, కుడి కన్ను దురద పెట్టకపోతే.

గుంటూరు కారం తిన్న నోరు వేరు, కన్ను వేరు. నా కేకకి పక్క బల్లల వాళ్లు లేచారు. అక్క నన్ను కొళాయి దగ్గరికి లాక్కెళ్లింది, బావ పాల గ్లాసుతో వెంటపడ్డాడు. తిరిగొచ్చేసరికి బల్ల అద్దంలా ఉంది. వడ్డించే కుర్రాడు డొప్పలు, కంకులు, మా పుస్తకం అన్నీ కలిపి కాగితాన్ని విస్తరి మడిచినట్టు మడిచి పారేశాడు.

హోటల్ వెనక చెత్తడబ్బా దగ్గరికి బావే వెళ్లాడు. ఏప్రిల్ ఎండలో క్రాఫిష్ డొప్పల కంపు ఎలా ఉంటుందో ఆయన వివరించాడు, నేను రాసుకోలేదు. ఆ కుర్రాడే వెతికి, పుస్తకాన్ని రెండు కవర్లలో ముడివేసి ఇచ్చాడు. బావ దాన్ని పసిపిల్లలా తెచ్చి వెనక సీట్లో పెట్టాడు. పెట్రోలు బంకు దగ్గర అక్క "కారంతా కంపు" అంటూ ఆ మూట తీసి చెత్తబుట్టలో వేసిందని లేక్ చార్లెస్ వంతెన మీదికి వచ్చాక గానీ తెలియలేదు.

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పోనీ, మార్కులన్నీ రాసింది నువ్వే కదరా. మూడింట్లో ఏది గొప్పది?" అన్నాడు.

"మూడోది బావా" అన్నాను, ఒంటికన్నుతో.

"అంత గట్టిగా ఎలా చెబుతావ్?"

"నేను జుర్రింది అక్కడొక్కచోటే."