తలుపు వేసింది తల్లేనా?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “ఆశా వర్కర్లు ఇంటికొచ్చి చూస్తామన్నా ఈ తల్లులు పట్టించుకోరు. చదువూ లేదు, బాధ్యతా లేదు. డబ్బులంటే మాత్రం లైన్ కడతారు. ఫోన్‌లో చెప్తే పోయేదానికి ఇల్లిల్లూ తిరగడం దండగ” అని.

పట్టించుకోరన్న మాట ముందు చూద్దాం. 2011లో మొదలైన నవజాత శిశువుల గృహ సంరక్షణ కార్యక్రమం ప్రకారం, ఆస్పత్రిలో కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్ళాలి. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. పేరు రాయించుకున్నదేమో చాలాసార్లు అత్తగారి ఊళ్ళో. అక్కడి ఆశా వెళ్తే “వాళ్ళమ్మగారింటికి పోయింది” అంటారు. పుట్టింటి ఊరి ఆశా లిస్టులో ఆమె పేరు ఉండకపోవచ్చు. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని వచ్చేసరికి 42 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. దానికి తోడు సిజేరియన్లు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం అవే. మూడో రోజుకి ఆ తల్లి ఇంకా ఆస్పత్రి మంచం మీదే ఉంటుంది.

ఇంట్లో ఉన్నా, రమ్మనేది ఆమె కాదు. పురుటి రోజుల్లో బాలింత లోపలి గదిలో, పెద్దావిడ గడపలో. ఆశా సంచిలోంచి స్ప్రింగ్ త్రాసు తీసి బిడ్డను జోలెలో వేలాడదీయబోతే “పసిగుడ్డును తూకమేస్తారా, దిష్టి తగలదూ?” అంటుందావిడ. అనుభవమున్న ఆశా వాదించదు. ముందు ఆవిడ మోకాళ్ళ నొప్పుల సంగతి అడిగి, “అమ్మా, జోలె కింద మీరే చెయ్యి పెట్టండి, నేను ముల్లు చూస్తా” అంటుంది. ఈ నేర్పు గురించి ఆ మెసేజ్ రాసినవాళ్ళకి తెలిసినట్టు లేదు.

చదువు సంగతంటారా? మన సరిహద్దు పక్కనే మహారాష్ట్రలో గడ్చిరోలి ఉంది. డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ 1990లలో అక్కడి 39 ఊళ్ళలో స్థానిక ఆడవాళ్ళకే పసిబిడ్డల సంరక్షణలో శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపింది. మూడో ఏడాదికి పుట్టిన బిడ్డల్లో 93 శాతానికి ఆ సంరక్షణ అందింది. ఆ తల్లులు డిగ్రీలు చదివినవాళ్ళేం కాదు.

డబ్బుల మాటకొస్తే, బిడ్డకు మూడు నెలలు దాటాక కూడా 15వ నెల వరకు మూడేసి నెలలకోసారి ఆశా రావాలి. అప్పటికి కూలికి పోయే తల్లి పత్తి చేలో ఉంటుంది. పగటిపూట ఇంట్లో ఉండాలంటే ఆ పూట కూలి వదులుకోవాలి.

ఇక ఫోన్. రెండు నెలల్లోపు బిడ్డయితే, నిద్రపోతున్నప్పుడు పొట్ట చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి, 60 లేదా అంతకు మించితే ఆస్పత్రికి పంపాలి. ఇది ఫోన్‌లో ఎవరు చూస్తారు? పైగా చాలా ఇళ్ళలో తల్లీబిడ్డల కార్డు మీద రాయించిన నంబర్ భర్తది, అది అతని జేబులో పనికి పోతుంది.