పనుల జాబితాలు చాలు, జిల్లాకు ప్రణాళిక కావాలి

జిల్లాలో ఏ రోడ్డు ముందు వేయాలి, ఏ వాగు మీద వంతెన కట్టాలి, ఏ ఊరి మంచినీటి పథకం బాగు చేయాలి అన్నది ఇవాళ ఎక్కడ తేలుతోంది? జిల్లా పరిషత్తు సమావేశంలో కాదన్నది బహిరంగ రహస్యం. శాసనసభ్యుడి సిఫారసు లేఖ, ఇన్‌చార్జి మంత్రి అంగీకారం, ఆపైన కలెక్టరు పరిపాలనా అనుమతి ఉంటే పని మంజూరైనట్లే. ఆ రోడ్డు పక్క మండలం రోడ్డును కలుస్తుందా, అదే వీధిలో వచ్చే ఏడాది పైపులైను తవ్వబోతున్నారా, వేసిన తరవాత దాని బాగోగులు ఎవరివి అని ముందుగా అడగాల్సిన వేదిక ఒకటి రాజ్యాంగంలోనే ఉంది. అదే జిల్లా ప్రణాళికా సంఘం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాని బతుకు కాగితాల మీదే గడుస్తోంది.

74వ సవరణతో 1993లో అమల్లోకి వచ్చిన 243 జెడ్‌డి అధికరణం అడిగింది పెద్ద కోరికేమీ కాదు. పంచాయతీలు, పురపాలక సంఘాలు రూపొందించుకున్న ప్రణాళికలను ఒకచోట చేర్చి జిల్లా మొత్తానికి ఒక ముసాయిదా తయారు చేయమంది. సంఘంలో అయిదింట నాలుగు వంతుల సభ్యులను జిల్లా పరిషత్తు, పురపాలక సంఘాల ప్రతినిధులు తమలోంచే ఎన్నుకోవాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు చట్టం రావడానికే 2005 దాకా పట్టింది. కేరళ 1996లోనే ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించి, వాటి ప్రణాళికలకు జిల్లా సంఘం ఆమోదం తప్పనిసరి చేసింది. మన దగ్గర ఇన్‌చార్జి మంత్రి అధ్యక్షతన జరిగే సమీక్షా సమావేశమే సర్వస్వం. అక్కడ జరిగేది ప్రణాళిక కాదు, పంపకం.

1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్‌కు శ్రీకారం చుట్టిన నేల ఇది. జిల్లా పరిషత్తు అధ్యక్షుడంటే అప్పట్లో ఆ జిల్లాకు పెద్ద దిక్కు. ఖమ్మం జడ్పీ అధ్యక్షుడిగా పనిచేసిన జలగం వెంగళరావు తరవాతి కాలంలో ముఖ్యమంత్రి పీఠమెక్కారు. ఇప్పుడు జడ్పీ పేరు ప్రధానంగా ఉన్నత పాఠశాలల బోర్డుల మీద కనిపిస్తుంది. ఆ బడుల బాధ్యత విద్యాశాఖది. ఉపాధ్యాయుల భవిష్యనిధి ఖాతాల లెక్కలు రాయడం మాత్రం జడ్పీ కార్యాలయానికి మిగిలింది. చట్టప్రకారం ఏడు స్థాయీ సంఘాలున్నాయి, వాటిలో ఒకటి పనుల కోసమే. సర్వసభ్య సమావేశానికి ఇంజినీర్లు తమ కిందివారిని పంపించి ఊరుకుంటారు. సభ్యులు అలిగి బయటికి నడుస్తారు, మర్నాటి పత్రికల్లో ఒక వార్త వస్తుంది. అంతటితో సరి.

జిల్లాల విభజన ఈ గందరగోళాన్ని మరింత పెంచింది. తెలంగాణలో 2016లో, యాదృచ్ఛికంగా అదే అక్టోబరు 11న, పది జిల్లాలు 31 అయ్యాయి. 2019లో మరో రెండు చేరాయి. హైదరాబాద్ మినహా జిల్లాకొక పరిషత్తు చొప్పున 32 ఏర్పడ్డాయి. గుప్పెడు మండలాలున్న పరిషత్తుకు ఆదాయమెంత, దాని గొంతు ఎంత దూరం వినిపిస్తుంది? ఆంధ్రప్రదేశ్ సరిగ్గా ఇందుకు ఎదురు దారి పట్టింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేసి, జిల్లా పరిషత్తులను పాత 13గానే ఉంచింది. అప్పుడు కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, అరకు విశాఖ జడ్పీ కిందా, రంపచోడవరం తూర్పు గోదావరి జడ్పీ కిందా ఉండిపోయాయి. 2025 చివర్లో రంపచోడవరం వేరే జిల్లాలోకి వెళ్లేదాకా అక్కడ ఒక కలెక్టరు, రెండు జిల్లా పరిషత్తులు. అలాంటి చోట జిల్లా ప్రణాళిక రాయాలని ఎవరైనా కూర్చున్నా ఏ పటం ముందు పెట్టుకోవాలో తేలదు.

ఆ పరిషత్తులైనా నిరాటంకంగా పనిచేస్తున్నాయా అంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జులైలో గడువు తీరిన జడ్పీలకు మళ్లీ పాలకవర్గాలు వచ్చింది 2021 సెప్టెంబరులో. తెలంగాణ గ్రామ పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచాయి. జడ్పీల పదవీకాలం 2024 జులైలో ముగిస్తే వాటికీ అదే గతి పట్టింది. గడువు తీరక ముందే ఎన్నికలు పెట్టాలన్న 243ఇ అధికరణాన్ని ప్రభుత్వాలు ఏ పార్టీవైనా వీలును బట్టి పాటించే నియమంగా చూస్తున్నాయి.

పనుల తీరు చూస్తే ఈ లోటు విలువ తెలుస్తుంది. పల్లెకు వెళ్లే దారిలో మొదటి భాగం రహదారులు, భవనాల శాఖది, తరవాతది పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానిది, చెరువు కట్ట నీటిపారుదల శాఖది, దాని కిందనుంచి వెళ్లే పైపు గ్రామీణ నీటి సరఫరా విభాగానిది. ఎవరి అంచనాలు వారివే, ఎవరి టెండర్లు వారివే. కట్ట మీద తూము కూలితే రోడ్డు కోసుకుపోతుంది. ఏ శాఖ బాగు చేయాలన్న ఉత్తరాలు నడుస్తుండగానే మరో వానాకాలం వస్తుంది. నిరుడు వేసిన సిమెంటు రోడ్డును నల్లా గొట్టం కోసం కోస్తారు. కోసిన చోట పూడ్చడానికి ఏ అంచనాలోనూ పైసా ఉండదు. కొలతల పుస్తకంలో సహాయ ఇంజినీరు రాసింది, ఉప కార్యనిర్వాహక ఇంజినీరు తనిఖీ చేసింది అంతా సవ్యంగానే ఉంటుంది. రోడ్డే ఉండదు. కొత్త పనికి శంకుస్థాపన ఫలకం ఉంటుంది, పాత పనికి మరమ్మతు చేస్తే ఫలకం ఉండదు. నిర్వహణకు నిధులు ఎందుకు రావని ఇంకా కమిటీలు వేసి తెలుసుకోనక్కర్లేదు.

డబ్బు సంగతీ అంతే. 14వ ఆర్థిక సంఘం గ్రాంట్లన్నీ గ్రామ పంచాయతీలకే ఇచ్చి మండల, జిల్లా పరిషత్తులను పస్తు పెట్టింది. 15వ సంఘం మూడంచెలకూ వాటా ఇచ్చినా 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యానికి కట్టేసింది. పంచాయతీకి వచ్చిన సొమ్మును విద్యుత్ బకాయిల కింద ప్రభుత్వమే లాగేసుకుందని ఆంధ్రప్రదేశ్ సర్పంచులు రోడ్డెక్కారు. చేసిన పనులకు బిల్లులు రాలేదని తెలంగాణ మాజీ సర్పంచులూ రోడ్డెక్కారు.

ఓట్లడిగేది, నిలదీతకు గురయ్యేది మేమైనప్పుడు పనులెంచే హక్కు మాకెందుకు ఉండకూడదని శాసనసభ్యులు అంటారు. ఆ వాదనలో కొంత న్యాయముంది. జడ్పీటీసీ సభ్యులంతా నిస్వార్థపరులని మేమూ అనడం లేదు, వారిలో గుత్తేదారుల బంధువులకు కొదవేం లేదు. అయితే శాసనసభ్యుడు తన నియోజకవర్గం హద్దు దాటి చూడడు. వాగుకు ఆ హద్దు తెలియదు.

రెండు ప్రభుత్వాలనూ మేము కోరేది ఇది. స్థానిక సంస్థల ఎన్నికలు పూర్తయిన ఆరు నెలల్లో ప్రతి జిల్లాలోనూ ప్రణాళికా సంఘం ఏర్పడాలి. జిల్లా హద్దు, పరిషత్తు హద్దు ఒకటి కావాలి. ఏ శాఖ చేపట్టే పనైనా సంఘం ఆమోదించిన పటంలో ఉంటేనే పరిపాలనా అనుమతి దక్కాలి, ప్రతి అంచనాలోనూ అయిదేళ్ల నిర్వహణ ఖర్చు కలిసి ఉండాలి. పంచాయతీరాజ్ ఇంజినీర్లు పనుల విషయంలో జడ్పీకి జవాబుదారులు కావాలి. జిల్లాలో ఉన్న ప్రతి రోడ్డు, వంతెన, నీటి ట్యాంకు ఎప్పుడు కట్టారో, చివరి మరమ్మతు ఎప్పుడు జరిగిందో తెలిపే ఆస్తుల పట్టిక పంచాయతీ కార్యాలయం గోడ మీద ఉండాలి. ఆ పట్టిక తయారీకి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు ఉత్తర్వు చాలు. ముందుగా అదైనా మొదలుపెట్టండి.