మంట ఎవరి గుమ్మం ముందు పెట్టారు?

డిసెంబర్ 25 వచ్చిందంటే నా ఫీడ్‌లో క్రిస్మస్ కేకుల మధ్య మనుస్మృతి దహనం ఫోటోలు వరుస కడతాయి. నేనూ లైక్ కొడతాను. 2023 జూన్‌లో స్టాక్‌హోమ్ మసీదు ముందు ఒకతను ఖురాన్ తగలబెట్టినప్పుడు, ఆ ఫోటోలు పెట్టే మిత్రులే "ఇది పచ్చి ద్వేషం" అన్నారు. డిసెంబర్‌లో "మా గ్రంథాన్ని కాలుస్తారా, లోపలెయ్యండి" అంటూ పోలీసులను ట్యాగ్ చేసే బ్యాచేమో, జూన్‌లో మాత్రం "భావప్రకటనా స్వేచ్ఛ అంటే స్వీడన్‌ది" అని ఉపన్యాసాలు దంచింది. ఎవరి లెక్క వాళ్లది. మనవాడు కాలిస్తే నిరసన, అవతలివాడు కాలిస్తే నేరం.

"నువ్వూ అంతేగా?" అని అడిగాడు ఒక ఫ్రెండ్. నేనూ ఆ రెండు మంటల్నీ ఒకేలా చూడను, నిజమే. ఎందుకు చూడనో చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగు, ఓపిక ఉంటే చదవండి.

అసలు పుస్తకాన్ని నిప్పులో వేయడం దానికదే అవమానమేమీ కాదు. సిక్కులు జీర్ణమైపోయిన గురుగ్రంథ్ సాహిబ్ ప్రతులకు పంజాబ్‌లోని గోయింద్‌వాల్‌లో మనిషికి చేసినంత గౌరవంగా అగ్నిసంస్కారం చేస్తారు. ఖలీఫా ఉస్మాన్ కాలంలో ఖురాన్‌కు ఒక ప్రామాణిక ప్రతి తయారయ్యాక, తేడాలున్న మిగతా ప్రతులను కాల్పించారని హదీసులే చెబుతాయి. ఇక మన ఇళ్లలో పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. దేవుడి బొమ్మ ఉన్న పెళ్లికార్డును చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు, దాన్ని తీసుకెళ్లి ఏ రావిచెట్టు కిందో పెట్టి వస్తాం. ముస్లిం ఇళ్లలోనూ అంతే, పాత ఖురాన్ పేజీలను జాగ్రత్తగా మడిచి పూడ్చడమో నీళ్లలో వదలడమో చేస్తారు. కాబట్టి కాగితం కాలిందా లేదా అన్నది కాదు గొడవ. కాల్చినవాడు ఆ మంట చూపించి ఎవరికి ఏం చెబుతున్నాడు అన్నదే అసలు సంగతి.

1927 డిసెంబర్ 25న మనుస్మృతిని కాల్చిన మహారాష్ట్రలోని మహద్ సంగతే తీసుకుందాం. దాని ఫోటో షేర్ చేసేవాళ్లలో సగం మందికి ముందు జరిగిన కథ తెలియదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువులో నీళ్లు తాగారు. ఆ చెరువు మునిసిపాలిటీది, అందరికీ తెరిచి ఉందని మునిసిపాలిటీయే అంతకుముందు తీర్మానం చేసింది. అయినా తాగినందుకు దళితులను కొట్టారు. తర్వాత చెరువు "మైలపడింది" అని ఆవుపేడ, ఆవుపంచితం కుండలకొద్దీ పోసి శుద్ధి చేశారు. డిసెంబర్‌లో మళ్లీ సత్యాగ్రహం చేద్దామని వస్తే కోర్టు ఆర్డరు అడ్డం పెట్టారు. సభకు ఊళ్లో ఎవరూ జాగా ఇవ్వకపోతే ఫత్తేఖాన్ అనే ముస్లిం తన సొంత స్థలం ఇచ్చారని చెబుతారు. మనుస్మృతిని దహనం చేయాలన్న తీర్మానం ప్రవేశపెట్టింది గంగాధర్ నీలకంఠ సహస్రబుద్ధే. ఆయన బ్రాహ్మణుడు. విదేశీ బట్టలను తగలబెట్టడంతో ఈ దహనాన్ని అంబేడ్కరే పోల్చారు.

ఆ రాత్రి మంట ముందు నిలబడ్డవాళ్లు ఆ పుస్తకం పేరు చెప్పి నీళ్లకు దూరం చేయబడ్డవాళ్లు. తమ మెడ మీద కూర్చున్న ఒక అధికారాన్ని కాల్చారు. ఏ అగ్రహారం వీధిలోకో వెళ్లి, ఏ ఇంటి గుమ్మం ముందో నిలబడి "మీరు ఈ ఊరు ఖాళీ చెయ్యండి" అనలేదు. అది చూసి బాధపడ్డవాళ్లు ఉంటారు, కాదనను. బాధ కలిగిందని ప్రతిదాన్నీ ద్వేషం అనడం మొదలుపెడితే చెరువులో నీళ్లు తాగడం కూడా ద్వేషమే అవుతుంది. ఆ ఊళ్లో కొందరికి అదీ బాధ కలిగించింది మరి.

ఇప్పుడు స్టాక్‌హోమ్. అక్కడ కాల్చింది సల్వాన్ మోమికా. తేదీ జూన్ 28, ఆ దేశంలో బక్రీద్. చోటు మసీదు ముందు. (మన దగ్గర బక్రీద్ మర్నాడు, తొలి ఏకాదశి కూడా ఆ రోజే పడింది. ఫోన్ తెరిస్తే శుభాకాంక్షలకీ ఆ వీడియోకీ మధ్య తొక్కిసలాట.) పండగపూట నమాజుకు పిల్లలతో వచ్చినవాళ్ల కళ్ల ముందు చేశాడు. స్వీడన్ ప్రభుత్వాన్నో, ఖురాన్ పేరు చెప్పి పాలించే ఏ రాజ్యాన్నో నిలదీయాలంటే వాటికి ఆఫీసులున్నాయి, రాయబార కార్యాలయాలున్నాయి. మసీదు మెట్ల దగ్గర ఉన్నది టాక్సీ నడుపుకునేవాడు, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చిన నర్సు. ఆ మంట వాళ్ల ముఖం మీద పెట్టినట్టే.

ఇక్కడ నా వాదనకు ఒక చిక్కుంది, దాచను. మోమికా ఇరాక్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబంవాడు. ఐసిస్ వాళ్ల చేతిలో అక్కడి క్రైస్తవులు ఏం అనుభవించారో లోకమంతా చూసింది. అంటే తన ఊళ్లో అతను కూడా కిందివాడే. బాగ్దాద్‌లో ఆ పని చేసి ఉంటే నేను వేరేగా మాట్లాడేవాణ్ణి. స్వీడన్‌కు వచ్చేసరికి లెక్క మారిపోయింది. అక్కడ అల్పసంఖ్యాకులు ఆ మసీదుకు వచ్చినవాళ్లు. ఒకే మనిషి, ఒకే పుస్తకం, ఒకే అగ్గిపుల్ల, ఊరు మారితే అర్థం మారుతుంది. ఇది విని "మరి నీకు సూత్రమంటూ లేదా" అంటే, ఉంది. ఎవరు ఎవరి మీద అధికారం చేస్తున్నారో ముందు చూడు, తర్వాత తీర్పు చెప్పు. దానికి మెదడు వాడాలి, అంతే.

స్వీడన్ కోర్టులూ కాగితం బూడిదను లెక్కపెట్టలేదు. 2020లో లింకోపింగ్ కేథడ్రల్ దగ్గర ఒకతను ఖురాన్‌తో పాటు పంది మాంసం కాల్చి, వీడియోకు క్రైస్ట్‌చర్చ్ మసీదుల హత్యాకాండతో ముడిపడిన పాట పెట్టాడు. క్రైస్ట్‌చర్చ్‌లో 51 మంది చనిపోయారు. 2023 అక్టోబర్‌లో అతనికి శిక్ష పడింది. గ్రంథాన్ని విమర్శించినందుకు కాదు, మనుషుల మీదికి ఉసిగొల్పినందుకు. డెన్మార్క్ ఇంకో దారి పట్టింది. 2023 డిసెంబర్‌లో మతగ్రంథాలను బహిరంగంగా తగలబెట్టడాన్నే నిషేధించింది, రెండేళ్ల దాకా జైలు. నాకు లింకోపింగ్ పద్ధతే నచ్చింది. డెన్మార్క్ చట్టం మన దగ్గరుంటే మహద్ కూడా నేరమే.

ఆ మాటకొస్తే మన దగ్గర ఉన్నదేం తక్కువ? మహద్ జరిగిన 1927లోనే 295ఏ సెక్షన్ వచ్చింది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తేనే ఆ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1957లోనే గీత గీసింది. పోలీస్ స్టేషన్‌లో ఆ గీత ఎవడు చూస్తున్నాడు? మనోభావాలు దెబ్బతిన్నాయని నలుగురు వచ్చి గట్టిగా అరిస్తే ఎఫ్ఐఆర్. అరిచే బలం లేనివాడి మనోభావాలకు మాత్రం దెబ్బ తగిలినట్టు ఎక్కడా నమోదు కాదు.

ఇంకో ముక్క చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 1953 సెప్టెంబర్‌లో రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద, అంటే మన తెలుగువాళ్ల రాష్ట్రం మీద, చర్చ జరుగుతుండగా అంబేడ్కర్ ఈ రాజ్యాంగాన్ని తగలబెట్టడానికి ముందుండేది తానే అన్నారు. అల్పసంఖ్యాకులకు రక్షణ లేదన్నది ఆయన కోపం. రాసినవాడే ఆ మాట అన్నాడు, ఆకాశం కూలలేదు. 1957లో పెరియార్ మనుషులు కులాన్ని కాపాడుతోందంటూ రాజ్యాంగ ప్రతులు నిజంగానే కాల్చి జైళ్లకు వెళ్లారు. 2018లో ఢిల్లీలో వేరే గుంపు అదే రాజ్యాంగాన్ని కాల్చింది, అంబేడ్కర్‌కూ రిజర్వేషన్లకూ వ్యతిరేకంగా నినాదాలిస్తూ. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేవాడితో నేను వాదించను.

అయితే కాల్చడం గొప్ప వాదన అని కూడా నేను అనను. త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలతో జీవితమంతా తగువు పడ్డాడు. పద్యాలు రాసి పడ్డాడు, వాళ్ల ఛందస్సులోనే. ఆయన్ను తిట్టాలన్నా ముందు చదవాల్సి వచ్చేది. ఈ రోజు వీడియో చేసేవాడు కాల్చిన పుస్తకంలో నాలుగు పేజీలు తిప్పి ఉంటాడా అని నా అనుమానం. మహద్‌లో కాల్చినవాడు దాన్ని ఆమూలాగ్రం చదివినవాడు.

ఇంకా ఖర్చు సంగతి. 2022 ఆగస్టులో ఒక ఎమ్మెల్యే వీడియో వల్ల పాతబస్తీ ఎంత టెన్షన్‌గా ఉందో మనం చూశాం. అలాంటి రోజు నష్టపోయేది తోపుడు బండివాడు, ఆటోవాడు, గాజుల షాపువాడు. వీడియో తీసినవాడికి వ్యూస్ వస్తాయి.

అయినా సరే, ఒకటి మాత్రం ఏ "కానీ"లూ లేకుండా చెబుతాను. 2025 జనవరి 29న, ఖురాన్ దహనాల కేసులో కోర్టు తీర్పుకు ఒక రోజు ముందు, మోమికాను తుపాకీతో కాల్చి చంపారు. అతను చేసింది నాకు అసహ్యం. అతన్ని చంపింది హత్య. "రెచ్చగొట్టాడుగా" అని కింద కామెంట్ పెట్టేవాళ్లను బ్లాక్ చేస్తాను. 2007లో మన హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగినప్పుడు వినిపించిందీ ఈ సాకే, ఆవిడ ఏదీ కాల్చలేదు, పుస్తకావిష్కరణకు వచ్చింది.

రేపు ఇందిరాపార్క్ ధర్నా చౌక్‌లో ఎవరైనా మనుస్మృతి కాలిస్తే వెళ్లి పక్కన నిలబడతాను. మక్కా మసీదు ముందు ఖురాన్, చర్చి ముందు బైబిల్, గుడి ముందు గీత కాలిస్తే 100కు ఫోన్ చేస్తాను. తన ఇంట్లో తను ఏదో కాల్చి రీల్ పెట్టుకుంటే అన్‌ఫాలో కొడతాను, స్టేషన్‌కు మాత్రం పోను.